బండిని లేపే బల్ల

పత్తి తీయడానికి వెళ్లిన మాధురి ఆ రోజు పదకొండు గంటలకే ఇంటికొచ్చింది. కూలీలకు పట్టుకెళ్లిన నీళ్ల డబ్బా ఖాళీ అయింది. నింపుకుని వెంటనే వెళ్లిపోదామనుకుంది. డబ్బాను పంపు కింద పెట్టి చూస్తే ఇంటి వెనక రేకుల షెడ్డు తలుపు ఓరగా తెరిచి ఉంది. అటు నడిచింది.

లోపల ఆమె భర్త యలమందయ్య బుల్లెట్ బండి పక్కన నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతిలో రింగు పానా ఉంది. కుడివైపు తొడుక్కునే పెట్టుడు కాలు గోడ దగ్గర, చేతికందనంత దూరంలో ఒరిగి పడి ఉంది.

“ఏమైందండీ?” అంటూ పరుగెత్తింది.

“ఏం కాలా. ఊరికే నడుం వాల్చాను.”

చొక్కా వీపున దుమ్మూ చెమటా కలిసి బురదలా అంటుకుంది. చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. విషయం ఒక్కో ముక్కే బయటికొచ్చింది. ఇంజన్ ఆయిల్ మారుద్దామని కింద కూర్చున్నాడు. మోకాలు మడిచినప్పుడల్లా పెట్టుడు కాలు ఒరుసుకుంటోందని విప్పి గోడకు ఆనించాడు. అది జారిపోయింది. బండి అడుగున ఆయిల్ దించే నట్టు అందక పడుకున్నాడు. మళ్లీ లేవడానికి పట్టుకుందామంటే చుట్టుపక్కల బండి తప్ప ఇంకేమీ లేదు. దాన్ని పట్టుకు లాగితే స్టాండు మీంచి వచ్చి తన మీదే పడుతుంది.

“అత్తని కేకెయ్యచ్చుగా? వసారాలోనే ఉంది.”

“కేకేసి ఏం చెప్పను, పడుకుంటే లేవలేకపోయాననా?” అన్నాడు అటు తిరిగి.

మాధురి కాలు అందించింది. నీళ్లు నింపుకుని చేలోకి వెళ్లింది. కానీ సాయంత్రం దాకా పత్తికాయ చేతిలోనూ షెడ్డు కళ్లలోనూ ఉన్నాయి.

పెదకాకానికి ఐదారు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో యలమందయ్య చెయ్యి పెట్టని బండి ఉండేది కాదు. బతుకుతెరువు వ్యవసాయం. మనసు మాత్రం ఇంజన్ల మీద. ఎవరి మోటారు ఆగినా, ఎవరి బండి మొరాయించినా అన్నం తింటున్నవాడు చెయ్యి కడుక్కుని లేచేవాడు. రెండేళ్ల కిందట మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలను గుంటూరు యార్డుకు తోలుతుంటే దారిలో ట్రాక్టరు ట్రక్కు టైరు పంచరైంది. రోడ్డు దిగి, నల్లరేగడి మీద జాకీ పెట్టి లేపారు. ముందురోజు పడిన వానకు నేల లోపల మెత్తగా ఉంది. జాకీ ఒక పక్కకు దిగబడింది. టిక్కీల బరువుతో ట్రక్కు అంచు వచ్చి ఆయన కాలి మీద కూర్చుంది. మోకాలి కింద నుంచి తీసెయ్యాల్సి వచ్చింది.

అప్పట్నుంచి చేను మాధురి చేతికొచ్చింది. ఏ మందు ఎంత కలపాలో, నీళ్లు ఎప్పుడు కట్టాలో ఆయన ఇంట్లోంచే చెప్పేవాడు. బుల్లెట్‌కు మాత్రం కిక్కూ గేరూ రెండూ కుడికాలి కిందే. పాత బండి కదా. అందుకని అది షెడ్డులో దుప్పటి కప్పుకుని ఉండిపోయింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక మాధురి ఫోను తీసుకుని వసారాలో కూర్చుంది. బండిని పైకి లేపే సామాను ఇళ్లలో వాడుకునేది ఏమైనా దొరుకుతుందేమోనని వెతికింది. చాలా రకాలున్నాయి. ఒకటి వెనక చక్రాన్ని మాత్రం జానెడు లేపే స్టాండు. దాంతో పనిలేదు, నట్టు ఉన్నది ముందుకు, ఇంజన్ అడుగున. ఇంకొకటి కత్తెరలా విచ్చుకుంటూ బండి నడుమును ఎత్తే జాకీ. చిన్నది, చవక. కానీ దాన్ని బండి కిందికి తొయ్యాలంటే మళ్లీ నేల మీద కూర్చోవాల్సిందే. మూడోది మంచమంత పొడుగున్న ఇనప బల్ల. ఒక కొసన వాలుగా రేకు ఉంటుంది. దాని మీంచి బండిని బల్ల మీదికి నడిపించి, ముందు చక్రాన్ని దవడల్లో బిగిస్తే, ఆయిల్ పంపు బల్లను నడుమెత్తు దాకా లేపుతుంది. వీడియోలో ఒకతను నవ్వుతూ నిలబడి తొక్కుతుంటే బరువైన బండి పల్లకీలా పైకి లేచింది. మాధురి పైకి లేచే బల్లనే చూసింది. కింద తొక్కుతున్న కాలును చూడలేదు.

ఆయనకు చెప్పకుండానే తెప్పించింది. చెబితే వద్దంటాడని ఆమెకు తెలుసు. అత్త పిచ్చమ్మకు చెప్పక తప్పలేదు, సామాను దిగేటప్పుడు ఇంట్లో ఉండేది ఆవిడే మరి.

“జాకీ వల్లే నా కొడుకు కాలు పోయింది,” అంది పిచ్చమ్మ. “మళ్లీ అట్టాంటి మాయదారి వస్తువు ఇంట్లోకి తెస్తావా అమ్మాయ్?”

“ఇది అది కాదత్తా. దీనికి అడుగున నాలుగు పాదాలుంటాయి.”

“ట్రక్కుకి మాత్రం చక్రాల్లేవా?” అంది పిచ్చమ్మ. ఆ పైన రెండు రోజులు కోడలితో ముక్తసరిగా మాట్లాడింది.

బల్ల వచ్చింది. ఆటోలోంచి దించి షెడ్డులో పెట్టారు. ఎర్ర రంగు, మెరుస్తోంది. యలమందయ్య ఊతకర్ర పట్టుకుని చుట్టూ తిరిగాడు. అతుకుల మీద వేలు పెట్టి చూశాడు. దవడల మరను అటూ ఇటూ తిప్పాడు. మొహంలో వెలుగు రావడం మాధురి గమనించి లోలోపల పొంగిపోయింది. అంతలో ఆయన చూపు అడుగున ఉన్న రెండు ఇనప పెడళ్ల దగ్గర ఆగింది. ఒకటి లేపడానికి, ఒకటి దించడానికి. రెంటినీ కాలితోనే తొక్కాలి.

“బాగుంది,” అన్నాడు. కర్ర తిప్పుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

మాధురికి అప్పుడు వెలిగింది. వెనకాలే వెళ్లి, “నేను తొక్కుతానుగా అండీ,” అంది.

“నువ్వు చేలో ఉంటావుగా,” అన్నాడాయన. గొంతులో కోపం లేదు. అదే ఆమెకు కష్టంగా తోచింది.

ఐదారు రోజులయ్యాక బట్టలు నానబెడుతుంటే, పెట్టుడు కాలికి లోపల వేసుకునే మేజోడు చేతికొచ్చింది. దాని కొసన రూపాయి బిళ్లంత నెత్తుటి మరక. మాధురి ఆ మేజోడు పట్టుకునే గదిలోకి వెళ్లింది.

“ఇదేంటి?”

యలమందయ్య మెల్లగా చెప్పాడు. ఆమె లేనప్పుడు షెడ్డులోకి వెళ్లాడు. బరువంతా పెట్టుడు కాలి మీద వేసి, ఎడమకాలితో పెడలు తొక్కి చూశాడు. నాలుగైదు సార్లు బల్ల బాగానే లేచింది. తర్వాత పట్టు తప్పింది.

“పడ్డారా? పడి నాకు చెప్పలేదా?”

“నువ్వు నాకు చెప్పావా?” ఆయన గొంతు ఒక్కసారిగా లేచింది. “అంత సామాను తెప్పించేముందు నన్నొక్క మాట అడిగావా? ఏది కావాలో, ఎట్టా ఉండాలో నాకు తెలవదా? కాలు పోయిందే గానీ నా బుర్ర పోలా, నోరు పోలా!”

వసారాలో పిచ్చమ్మ చాట ఆపేసింది. మాధురికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మిమ్మల్ని సంతోషపెడదామనే గదా అని నోటిదాకా వచ్చింది. కానీ ఆయన అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందో ఎంత వెతికినా ఆమెకు దొరకలేదు. ఈ రెండేళ్లలో ఆయనకు పంచెలు తెచ్చింది, చెప్పులు తెచ్చింది, కుర్చీ తెచ్చింది, డాక్టర్ని మార్చింది. అన్నీ ఆయన మేలు కోరే. ఒక్కటీ అడిగి కాదు.

మేజోడు బకెట్లో పడేసి వచ్చి మంచం కోడు దగ్గర కూర్చుంది.

“సరే, తప్పు నాదే. ఇప్పుడు అడుగుతున్నా. ఎట్టా ఉండాలి?”

యలమందయ్య కర్ర అందుకుని లేచాడు. షెడ్డులోకి వెళ్లి, సుద్దముక్కతో గోడ మీద గీయడం మొదలుపెట్టాడు. ఇదిగో బల్ల. ఇదిగో నేను కూర్చునే స్టూలు. పంపు ఇక్కడ ఉంటే చేత్తో కొట్టచ్చు, బోరింగు కొట్టినట్టు. దించడానికి ఇంకో చిన్న పిడి, అది కూడా చేతికందేట్టు. ఎత్తు మరీ ఎక్కువ అక్కర్లేదు, ఇంజన్ నా గుండెకు ఎదురుగా వస్తే చాలు.

“ఇదంతా చేసేవాళ్లున్నారా?”

“మంగళగిరిలో బుడాన్ అని ఉన్నాడు. వెల్డింగు పని. మన ట్రాక్టరు గొర్రు విరిగితే అతికింది ఆయనే.”

మర్నాడు బల్లను ఆటోలో వేసుకుని ఇద్దరూ మంగళగిరి వెళ్లారు. బుడాన్‌కు అరవై దాటాయి. కనుబొమ్మలు నిప్పురవ్వలకు సగం కాలి ఉన్నాయి. బల్లను చుట్టూ చూసి, యలమందయ్య చేతికర్ర చూసి, మాధురి వైపు తిరిగి, “ఏం చెయ్యాలమ్మా దీన్ని?” అన్నాడు.

“ఆయన్నడగండి. నాకేం తెలుసు,” అంది మాధురి.

బుడాన్ స్టూలు వేసి యలమందయ్యను కూర్చోబెట్టాడు. టేపుతో నేల నుంచి మోచేతి దాకా కొలిచాడు. పెడళ్లు కోసేసి, పంపుకు మూడడుగుల గొట్టాన్ని పిడిగా వేద్దామన్నాడు. రెండడుగులు చాలన్నాడు యలమందయ్య. పొట్టిదైతే భుజం నొప్పెడుతుందన్నాడు బుడాన్. పొడుగైతే స్టూలు మీంచి వంగాలి, వంగితే నేను పడతాను అన్నాడు యలమందయ్య. చివరికి రెండున్నర దగ్గర ఒప్పుకున్నారు. ఆ తర్వాత పిడి వంపు గురించి మొదలైంది. మాధురి పక్కన బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ వింటోంది. ఆయన చేతులు తిప్పుతూ, గొంతు పెంచుతూ, ఎదుటివాణ్ణి మాట పూర్తి చెయ్యనివ్వకుండా అలా వాదించి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తులేదు. టీ చల్లారిపోయింది.

బుడాన్ ఆయిల్ పంపును విప్పి పక్కన పెట్టాకే గ్యాసు వెలిగించాడు. “ఆయిలున్నదాని దగ్గర నిప్పు పెట్టకూడదు,” అన్నాడు. తర్వాత బల్ల కాళ్లకున్న వరుస రంధ్రాలు చూపించి, బొటనవేలంత లావు ఉక్కు పిన్నొకటి యలమందయ్య చేతిలో పెట్టాడు. “తమ్ముడూ, పంపు ఎంత మంచిదైనా దాన్ని నమ్మి పని చెయ్యమాక. లోపల రబ్బరు వాషరు ఎప్పుడు పోతదో ఎవడూ చెప్పలేడు. లేపాక ఈ పిన్ను దూర్చాలి, బల్లను కొంచెం దించి బరువు దాని మీద పెట్టాలి. అప్పుడే పానా పట్టు.”

“తెలుసు,” అన్నాడు యలమందయ్య.

“నేల ఎట్టా ఉంది షెడ్డులో?”

యలమందయ్య చేతిలో పిన్ను తిరగడం ఆగింది. “నల్లరేగడి. మీద గచ్చు చేయించాం గానీ ఎండాకాలం నెర్రెలిచ్చింది.”

ఆయన కాలు ఎలా పోయిందో బుడాన్ అడగలేదు. మొహం చూసి ఏదో అర్థం చేసుకున్నట్టున్నాడు. “గచ్చు తీసేసి, అడుగు లోతు తవ్వి గ్రావెల్ పోయించు. గట్టిగా దిమ్మిస చేసి, ఊచలు కట్టి కాంక్రీటు పొయ్యి. నెల్లాళ్లు ఆగు. తొందరపడమాక,” అన్నాడు మెల్లగా.

ఆగారు. మేస్త్రీని యలమందయ్యే పిలిపించాడు. స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుని దిమ్మిస ప్రతి దెబ్బా చూశాడు. కాంక్రీటు మీద తడి గోతాలు పరిచారు. వాటిని రోజూ తడిపే పని ఎవరూ పిచ్చమ్మకు చెప్పలేదు. ఆవిడే పొద్దునా సాయంత్రం బిందెతో వచ్చి పోసి వెళ్లేది. “బాగా తాగనీ. గట్టిపడాల,” అనేది తనలో తాను.

సంక్రాంతి వెళ్లిన వారానికి బుల్లెట్‌ను ఎక్కించారు. హ్యాండిల్ ఎడమవైపు మాధురి, వెనక తోయడానికి పిచ్చమ్మ. అత్తాకోడళ్లు సరిగా మాట్లాడుకోని రోజులుంటే ఉండచ్చు గానీ ఆ పూట ఇద్దరూ ఒకే ఊపున తోశారు. బండి వాలు రేకు మీంచి బల్ల మీదికెక్కింది. ముందు చక్రాన్ని దవడల్లో బిగించి, హ్యాండిల్‌కు చెరోవైపు బెల్టు కట్టి, కొక్కేలను బల్ల అంచులకు తగిలించింది మాధురి. యలమందయ్య కుడివైపు స్టూలు మీద కూర్చుని పిడి పట్టుకున్నాడు. ఒక్కో దెబ్బకు బల్ల బెత్తెడు లేస్తోంది. పిచ్చమ్మ గుమ్మంలోకి వెళ్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మోకాలెత్తు దాటాక టక్కుమని చప్పుడైంది. ఎడమవైపు కొక్కెం అంచు మీంచి జారింది. అటు పట్టు పోయేసరికి బండి ఇటు, యలమందయ్య మీదికి ఒరిగింది.

“ఒరేయ్ యలమందా, లేచి రారా!” పిచ్చమ్మ అరిచింది.

ఆయన లేవలేదు. లేచి పరుగెత్తే మనిషి కాదు. భుజాన్ని ట్యాంకుకు ఆనించి, రెండు చేతులతో సీటు కింది కమ్మీ పట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

“మాధురీ, కంగారుపడమాక. చక్రం దవడల్లోనే ఉంది, ఎక్కడికీ పోదు. ముందు పిన్ను దూర్చు. బల్ల కదలకూడదు.”

మొదటిసారి పిన్ను రంధ్రానికి తగిలి జారిపోయింది. రెండోసారి లోపలికి దిగింది.

“దూర్చానండీ.”

“ఇప్పుడు కొక్కెం. అంచుకు వద్దు, లోపలున్న రింగుకి తగిలించు. బెల్టు లాగు. ఇంకా లాగు. ఇంకొంచెం. ఆఁ.”

బండి నిటారుగా నిలబడింది. ఆయన భుజం తీశాడు. చొక్కా మీద ట్యాంకు అంచు గీత పడింది. మాధురి వంగి బల్ల అడుగున చూసింది. నాలుగు పాదాలూ పెట్టిన చోట పెట్టినట్టే ఉన్నాయి. కాంక్రీటు మీద గీత కూడా లేదు.

“దించేద్దాం. ఇవాళ్టికి చాలు,” అంది ఏడుపు గొంతుతో.

యలమందయ్య ఆమె వంక చూశాడు. తల్లి వంక చూశాడు. “కొక్కెం నువ్వు తప్పు చోట పెట్టావు. నేను లాగి చూడకుండా పిడి కొట్టాను. తప్పు ఇద్దరిదీ. ఇద్దరికీ తెలిసింది గదా,” అన్నాడు. “దించి, మళ్లీ కట్టి, మళ్లీ లేపుదాం.”

అలాగే చేశారు. ఈసారి ఆయన స్టూలు జరుపుకుంటూ వెళ్లి ప్రతి బెల్టునూ స్వయంగా లాగి చూశాడు. బండిని పట్టుకుని రెండు వైపులా ఊపి చూశాడు. బల్ల లేచింది. పిన్ను దిగింది. ఇంజన్ వచ్చి సరిగ్గా ఆయన గుండెకు ఎదురుగా నిలిచింది.

ఆ పైన ఆయన వాళ్లిద్దర్నీ మర్చిపోయాడు. నట్టు విప్పితే రెండేళ్ల పాత ఆయిల్ చిక్కగా, నల్లగా పళ్లెంలోకి జారింది. క్లచ్ పళ్లేలు తీసి కిరసనాయిల్లో కడిగాడు. చైను విప్పి నానబెట్టాడు. పన్నెండింటికి పిచ్చమ్మ అన్నానికి పిలిచింది. ఒంటిగంటకు మళ్లీ పిలిచింది. రెండింటికి కంచంలోనే కలిపి తెచ్చి, మసి చేతులు కడుక్కోనివ్వకుండా తనే ముద్దలు పెట్టింది. నలభై ఆరేళ్ల కొడుకు నోరు తెరిచి తింటూ, కళ్లు మాత్రం కార్బొరేటర్ మీంచి తీయలేదు.

సాయంత్రానికి బండి కిందికి దిగింది. కిక్కు ఎవరు కొట్టాలన్నది అప్పుడు గుర్తొచ్చింది. యలమందయ్య మాధురి వంక చూశాడు.

“నేనా?”

“ఈ మీటర్లో ముల్లు చూడు. మెల్లగా కిక్కు నొక్కుతుంటే మధ్యకొచ్చి నిలబడుద్ది. అప్పుడు బలంగా తొక్కు. సగంలో ఆపమాక, వెనక్కి తంతది.”

మొదటిసారి సగంలోనే ఆపింది. కిక్కు ఎగిరి పాదానికి తగిలితే కెవ్వుమంది. రెండోసారి దగ్గి ఊరుకుంది. మూడోసారి ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపి, మొత్తం బరువేసి తొక్కింది. షెడ్డు రేకులు అదిరేలా బండి పలికింది. ఆ చప్పుడుకు వీధిలోవాళ్లు ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు. యలమందయ్య ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. పొగ వల్లనో ఏమో కళ్లు తుడుచుకున్నాడు.

తొంగి చూసినవాళ్లలో కరీమున్ ఒకతి. మిరపకాయల తొడిమలు తీసే పనికి ఊరి ఆడవాళ్లను కూడగట్టుకుని కోల్డ్ స్టోరేజీలకు వెళుతూంటుంది. రెండో రోజు తన స్కూటీ వేసుకుని వచ్చింది. “అన్నా, బ్రేకు వేస్తే కీచుమంటంది. చూస్తావా?” అంది. చూశాడు. కరీమున్ వల్ల మిగతావాళ్లకు తెలిసింది. మెకానిక్ కోసం పెదకాకాని దాకా వెళ్లి పూట పోగొట్టుకోవడం కంటే ఇదే నయమనుకున్నారు. మాఘమాసం వచ్చేసరికి షెడ్డు ముందు ఎప్పుడూ ఒకటో రెండో బళ్లు ఉంటున్నాయి.

మిరప కోతలు ముమ్మరమయ్యాయి. ఒకరోజు పొద్దున్నే మాధురి తలకు గుడ్డ చుట్టుకుని, క్యారేజీ పట్టుకుని బయల్దేరుతోంది. కూలీల ఆటో వీధి చివర హారన్ కొడుతోంది.

“మాధురీ!” షెడ్డులోంచి పిలిచాడు యలమందయ్య. “పోయేముందు ఒక చెయ్యి వేసి పో. ఈ బండి ఎక్కించడం నావల్ల కాదు.”

ఎవరి బండో అడగలేదు మాధురి. క్యారేజీ గడప మీద పెట్టి వెళ్లింది. ఇద్దరూ కలిసి బండిని వాలు రేకు మీదికి నెట్టారు. దవడలు బిగించి, కొక్కేలు రింగులకు తగిలించింది. ఆయన ఒక్కోటీ లాగి చూసి, స్టూలు మీద సర్దుకుని కూర్చుని పిడి పట్టుకున్నాడు.

బల్ల లేస్తుంటే ఆమె అక్కడే నిలబడిపోయింది. వీధిలో హారన్ మళ్లీ మోగింది.

“పిన్ను దూర్చేశానే. ఇంక నాకు పనుంది, నువ్వు ఫో,” అన్నాడు యలమందయ్య, తల తిప్పకుండా, పానాల డబ్బాలో ఏదో వెతుకుతూ.

మాధురి క్యారేజీ అందుకుని ఆటో వైపు గబగబా నడిచింది.